జమ్ములమ్మ మూడో పిలుపు

పన్నెండు రోజుల క్రితం చనిపోయిన జమ్ములమ్మ, తాళం వేసి ఉన్న తన ఇంట్లోంచి, పక్కింటి భీమమ్మను పేరు పెట్టి పిలిచింది.

"భీమీ! నీ జాగ గట్లనే ఉంది. వచ్చి కూసో!"

ఆ ఉదయం నూలుకు గంజి పట్టించి ఎండ ముదరకముందే ఆరేయాలన్నది భీమమ్మ ఆలోచన. గంజి గిన్నె చేతిలోంచి జారి పడింది. గోడ అవతల గొంతు తగ్గింది, ఏదో గొణిగింది, ఆగిపోయింది.

"ఏమాయెనే?" అంటూ భర్త బాలకిష్టయ్య మగ్గం గుంతలోంచి తల ఎత్తాడు.

"అక్క పిలిచింది."

"అక్క పోయె గదనే!"

"అందుకే పరేషాన్ అయితున్న."

గద్వాల చీరకు ఒక్క మనిషి చాలదు. అంచుది ఒక రంగు, ఒంటిది ఒక రంగు. రెండూ కలిసేచోట పోగుకు పోగు ముడిపడాలి కనుక ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. జమ్ములమ్మ పక్కన భీమమ్మ ఇరవై రెండేళ్లు కూర్చుంది. మూడు నెలల క్రితం ఒక చీరలో అంచు కలిసేచోట తప్పు పడింది. నీ చెయ్యి తప్పిందంటే నీ చెయ్యని ఇద్దరూ లేచిపోయారు. ఆ తర్వాత మగ్గం మీద మరో చీర సగంలోనే ఆగింది. జమ్ములమ్మ మంచం పట్టింది. భీమమ్మ చూడడానికి వెళ్లలేదు. శవం లేచిన రోజు కూడా గడప అవతలే నిలబడింది.

పదకొండో రోజు కర్మ ముగించి, కొడుకు మహేశ్వర్, కోడలు వైష్ణవి ఆచారం ప్రకారం ఒక నిద్ర చేసి రావడానికి వనపర్తి వెళ్లారు. ఇంట్లో పురుగు కూడా లేదు.

మధ్యాహ్నం రెండింటికి గొంతు మళ్లీ వినిపించింది. అదే మాట, అదే గొణుగుడు. ఈసారి ఎదురింటి తిమ్మమ్మ కూడా విన్నది.

"రెండో పిలుపు. మూడోదానికి పలికినవో, అంతే. పలకకున్నా తీసుకపోతది," అని తేల్చింది తిమ్మమ్మ.

"మల్ల పలికితేంది, పలకకుంటేంది?" అంది భీమమ్మ.

"పలికితే మర్యాదగ తీసుకపోతది."

భీమమ్మ స్నానం చేసి మంచం మీద పడుకుంది. మళ్లీ పెండ్లి చేసుకోనని బాలకిష్టయ్య చేత ఒట్టు వేయించుకుంది. అరవై రెండేళ్ల ఆ మనిషి ఒట్టు వేసే ముందు ఒక్క క్షణం ఆలోచించాడని మరో గంట తిట్టింది. ధరూర్ నుంచి కూతురు శ్రీవాణి షేర్ ఆటోలో వచ్చింది. ఏడుపు వీధి మొగదలలోనే మొదలైంది. వరసకు తమ్ముడైన వెంకటన్న రెండు వెదురు బొంగులు తెచ్చి గోడకు ఆనించాడు.

"గవెందుకురా?" అంది భీమమ్మ మంచం మీద నుంచే.

"పందిరికక్కా."

"ఎవరి పెండ్లిరా?"

వెంకటన్న బొంగులను మెల్లగా ఇంటి వెనక్కి మోసుకెళ్లాడు.

ఐదింటికి భీమమ్మ అందరినీ దగ్గరకు పిలిచింది. "ఒక మాట కడుపుల వెట్టుకొని పోలేను. ఆనాడు తప్పింది నా చెయ్యే. నాకు తెలుసు. అక్క మీద వెట్టిన. నెలల కొద్దీ గోడ అవతల దగ్గుతుంటే విన్న. పోలేదు."

సరిగ్గా ఆరింటికి మహేశ్వర్, వైష్ణవి వీధిలో దిగారు. అప్పుడే కరెంటు వచ్చింది. అర నిమిషం గడిచింది.

"భీమీ! నీ జాగ గట్లనే ఉంది. వచ్చి కూసో!"

మహేశ్వర్ తాళం తీసేసరికి, చావబోతున్న మనిషి అందరికంటే ముందు గడప దాటింది. మగ్గం పక్కన బల్ల మీద, చీరల డిజైన్ల కోసం కొన్న కంప్యూటర్ వెలుగుతోంది. తెర మీద రంగుల అలలు ఆడుతున్నాయి. బయటికి గొణుగుడుగా వినబడింది ఇక్కడ స్పష్టంగా ఉంది.

"ఆనాడు తప్పింది నా చెయ్యేనే. నీ మీద వెట్టిన. మనసుల వెట్టుకోకు."

భీమమ్మ మగ్గం గుంత అంచున కూలబడింది.

అమ్మ గొంతు వినాలని పెట్టిన సీడీ తీయకుండానే, వనపర్తికి వెళ్లే హడావిడిలో మహేశ్వర్ కంప్యూటర్ ఆపడం మరిచిపోయాడు. కరెంటు పోతే అది ఆరిపోతుంది. వస్తే తనంతట తానే లేస్తుంది. లోపల సీడీ ఉంటే ఎవరూ అడగకుండానే వినిపిస్తుంది. ఆ రోజు కోతలు మూడు.

"నీ డబ్బ పాడుగాను! ఒక మనిషిని సగం సంపింది," అని బాలకిష్టయ్య మండిపడ్డాడు. "అడగంది మాట్లాడకుండ దాన్ని బందు జెయ్యనీకి రాదా?"

"వస్తది," అంటూ మహేశ్వర్ మౌస్ అందుకున్నాడు. సీడీ బొమ్మ మీద కుడి మీట నొక్కాడు. ప్రాపర్టీస్, అందులో ఆటోప్లే, అందులో ఇంగ్లీషులో ఒక వరుస: ఏమీ చేయవద్దు. దాన్ని ఎంచుకుంటే చాలు. అతని వేలు మీట మీదే ఆగిపోయింది.

"నొక్కరా," అన్నాడు బాలకిష్టయ్య.

మహేశ్వర్ తెర వైపే చూస్తూ మాట్లాడాడు.

"చిన్నమ్మా, అమ్మ మంచంల ఉండి మైకుల చెప్పి, ఈ సీడీ నీకు ఇచ్చిరమ్మన్నది. మనం ముందు వంగుడేందని నేను ఇయ్యలే. ఇచ్చినవారా అని దినాం అడిగేది. ఇచ్చిన, వస్తనన్నది అని చెప్పిన. నీ కోసం తలుపు దిక్కు చూసుకుంటనే పోయింది. నేను రెండు నెలలు ఇయ్యని మాట, గీ డబ్బ కరెంటు రాంగనే ఇచ్చింది."