ఇంటితో వచ్చిన పన్ను

సోమవారం పొద్దున పురపాలక కార్యాలయంలో కొళాయికి అర్జీ ఇచ్చేసి, పదకొండు గంటల లోపల తన అంగడికి వచ్చి పరుపులు కుట్టుకోవాలని మీరావలి అనుకున్నాడు. అనంతపురం జిల్లాలో ఒక పట్టణం అది. పేరు చెబితే దానికీ పన్ను వేస్తారు, వద్దు. బ్యాంకు వేలంలో కొన్న ఇంట్లో అన్నీ ఉన్నాయి, నీళ్లు తప్ప. శుక్రవారం చేరాలి. నీళ్లు లేని ఇంట్లో అడుగు పెట్టనని భార్య అమీర్ బీ ముందే తేల్చి చెప్పింది.

గుమాస్తా చంద్రిక పుస్తకం తిప్పి, ఆరేళ్ల ఇంటి పన్ను బాకీ ఉందని, అది కడితేనే కొళాయి అని చెప్పింది. బాకీ పెట్టినవాడు పాత యజమాని లక్ష్మీపతి. అప్పు తీర్చలేక ఇల్లు పోగొట్టుకుని, పక్క వీధిలో బాడుగకు ఉంటున్నాడు.

"ఆయప్ప ఎగ్గొడితే నేనేంటికి కట్టల్లమ్మా?"

"పన్ను మనిషి ఎనక పోదన్నా. ఇంటినే పట్టుకోని ఉంటాది."

ఇదేం న్యాయమండీ! బ్యాంకుకు పరుగెత్తితే, వాళ్లు వేలం కాగితంలో చీమ తలకాయంత అక్షరాలు చూపించారు: బకాయిలేమైనా ఉంటే కొన్నవాడివే. తమ అప్పు రాబట్టుకుని చేతులు దులుపుకున్నారు. మీరావలికి ఒళ్లు మండింది. మొండి బాకీదారుల ఇళ్ల ముందు డప్పు కొట్టించే అలవాటు ఆ కార్యాలయానికి ఉంది కదా, లక్ష్మీపతి ఇంటి ముందు కొట్టించి పరువు తీయండని ఇంకో అర్జీ రాసి పడేశాడు.

ఆ కార్యాలయం తన పుట్టుకలో అంత వేగంగా కదిలి ఎరగదు. శుక్రవారం పొద్దున్నే డప్పులు వచ్చాయి. పుస్తకంలో లక్ష్మీపతి ఇల్లంటే మీరావలి కొన్న ఇల్లే. చుట్టుపక్కలవాళ్లు, డప్పులు పెట్టుకుని కొత్తింట్లో చేరుతున్నాడనుకుని పిల్లాపాపలతో వచ్చి కూర్చున్నారు. పన్ను డప్పని చెప్పుకోవడానికి సిగ్గేసి, మీరావలి నలభై మందికి బిర్యానీ తెప్పించాడు. డప్పులవాళ్లు రెండోసారి వడ్డించుకున్నారు.

"ఊరంతటికీ కూడు పెడితివి కదా, ఆ పన్నేందో కట్టేసి రాపో," అంది, గడప బయటే నిలబడ్డ అమీర్ బీ.

కట్టాడు. రసీదు మాత్రం పుస్తకంలో ఉన్న పేరు మీదే, అంటే లక్ష్మీపతి పేరు మీదే వచ్చింది. ఆరేళ్ల బాకీ ఒక్కసారిగా తీర్చిన ఉత్తమ పౌరుడని వారంలోపు లక్ష్మీపతికి సభ పెట్టి శాలువా కప్పారు. పన్ను కట్టడం మన ధర్మమని ఆ సిగ్గులేని మనిషి ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఏం కావాలో కోరుకోమంటే, బాడుగింటికి కొళాయి లేదన్నాడు. మర్నాడే వేశారు. మీరావలి అర్జీకేమో ముందు పేరు మార్పు జరగాలట, దానికి మూడు నెలలట.

ఆ సాయంత్రం మీరావలి రెండు బిందెలు పట్టుకుని పక్క వీధికి పోయాడు. లక్ష్మీపతి శాలువా తీయకుండానే, వరుసలో రమ్మన్నాడు.