ఇంతకన్నా ఘోరంగా ఉండొచ్చు

ఉత్తర డకోటాలో గోధుమకు తెగులు సోకేది పొలంలో కాదు, పంట నష్ట నిర్ధారణ విభాగంలో. సోకిందని అక్కడివాళ్లు ఒప్పుకునేదాకా కంకి ఎంత పాలిపోయినా నిక్షేపంగా ఉన్నట్టే లెక్క.

ఆర్విడ్ స్కోగ్‌స్టాడ్‌కు ఈ సంగతి తెలియక కాదు. వసంతంలో నేల ఆరక విత్తడమే ఆలస్యమైంది. సరిగ్గా పూత వేళకు ముసురు పట్టింది. వానలో మందు కొట్టకూడదని ఒక నియమం, కొట్టకపోతే రైతు నిర్లక్ష్యమని ఇంకొకటి. (రెండూ ఒకే విభాగానివే, అంతస్తులు వేరు.) ముసురు వెలిసేసరికి కంకులు తెల్లబడ్డాయి. నలిపితే గులాబి రంగు తాలు తప్ప గింజ లేదు. పరిహారం రాకపోతే తాత దున్నిన పొలం చేజారిపోతుంది. ఆ మాట ఆర్విడ్ భార్యతో కూడా పైకి అనలేదు.

నష్టం చూడటానికి విభాగం పరిశీలకుడు వచ్చే రోజు పొద్దున్నే మార్లిస్ మొగుడికి పాఠం చెప్పింది.

"ఆయన అడిగితే సర్వనాశనమైందని చెప్పు. ఏదీ, ఒకసారి అను."

"సర్వ..." ఆర్విడ్ చెవులు ఎర్రబడ్డాయి. "అంత మాటెందుకే? పాపం, పక్క పొలం ఓర్‌విల్ చేలో వడగళ్లు కూడా పడ్డాయి."

"మన కొంప మునుగుతుంటే ఓర్‌విల్ గోల నీకెందుకయ్యా!"

పరిశీలకుడు కర్టిస్ బ్రెకె మర్యాదస్తుడు. కేకు ముక్కను మూడోసారి బతిమాలాకే తీసుకున్నాడు. (మొదటిసారే తీసుకుంటే ఆ ప్రాంతంలో దొంగతనం కింద జమ.) రైతు నోటి మాటే తుది సాక్ష్యమని విభాగం నియమం. దానివల్ల బూట్లకు బురద అంటదు.

"మరి పంటెలా ఉందండీ, ఆర్విడ్ గారూ?"

మార్లిస్ బల్ల కింద మొగుడి కాలు తొక్కింది. ఆర్విడ్ గొంతు సవరించుకున్నాడు. సుడిగాలికి గాదె ఎగిరిపోయిన రోజు వాళ్ల నాన్న అన్న మాటే బయటికొచ్చింది.

"ఇంతకన్నా ఘోరంగా ఉండొచ్చు. దానికంటే నయమే."

కర్టిస్ "సంతృప్తికరం" అని రాసుకున్నాడు.

"అయ్యో, రాయకండి! ఆయన అలాగే అంటాడు. మా పెళ్లినాడు కూడా అదే మాటన్నాడు!"

"పెళ్లి మా పరిధిలోకి రాదమ్మా."

ఆమె పోరు పడలేక అతను పొలం కూడా చూశాడు, కారు అద్దంలోంచి. దూరానికి తెగులు కంకి పండిన కంకిలాగే ఉంటుంది.

"అభ్యంతరం ఉంటే చెప్పండి. మళ్లీ వస్తాను."

మార్లిస్ నోరు తెరిచేలోగా ఆర్విడ్ అన్నాడు: "మీకెందుకు లెండి శ్రమ."

ఆకు రాలే వేళకు పొలం వేలానికొచ్చింది. ఊరంతా వచ్చింది, చావింటికి వచ్చినట్టు తలా ఒక వంటకం పట్టుకుని. ఓర్‌విల్ తన బూట్ల వైపు చూస్తూ అడిగాడు.

"ఎలా ఉన్నావోయ్?"

"ఫర్వాలేదు. నువ్వో?"

"ఫర్వాలేదు."

ట్రక్కులో కూర్చున్న మార్లిస్ ఇద్దరి వంతూ తనే ఏడ్చింది.

చలికాలంలో విభాగం ప్రకటన వెలువడింది. ఆ ఏడాది జిల్లాలో గోధుమకు ఏ తెగులూ సోకలేదట. రైతులను ఒక్కొక్కరినీ అడిగే రాశారు.