నారాయణపేట వాళ్ల గది

ఆ పొద్దున జానమ్మ అనుకున్నది చాలా చిన్న పని. పొద్దుగూకేలోగా పట్నంలో ఒక గది కిరాయికి దొరకాలి. ఆ ఇంటి నంబరు జైలు దర్వాజా దగ్గరి జవానుకు చెప్పాలి. పట్నంలో ఉండే జాగా చూపించనిదే ఖైదీని చూసే ములాఖత్ లేదని అతను నిన్న ముందున్న పుస్తకం తెరవకుండానే తేల్చేశాడు. ములాఖత్ రేపు. రేపు తప్పితే మళ్లీ నెలకే. చంకలోని నాలుగు నెలల పిల్లను తండ్రి ఇంతవరకు చూడలేదు.

ఆమె పెనిమిటి ఐలేశం చేసిన నేరమల్లా గొర్రెల మంద దగ్గరికి వచ్చిన, దొరల మీద తిరగబడ్డ సంగపోళ్లకు చెంబెడు పాలు పోయడం. రజాకార్ల పీడ పోయిందని ఊరు ఊపిరి పీల్చుకునేలోపే మిలిట్రీ దిగి అతన్ని లారీ ఎక్కించింది. గొంగడి కూడా తీసుకోనివ్వలేదు. దాన్ని ఎలాగైనా అందించాలని జానమ్మ మోత్కూరు నుంచి మోసుకొచ్చింది.

"ఏ ఊరు?" అన్నాడు మొదటి ఇంటాయన.

"మోత్కూరు."

"నల్లగొండ జిల్లానా? వద్దమ్మా. మీ ఎనకనే పోలీసులొస్తరు."

రెండో ఇంట్లో అదే మాట, మూడో ఇంట్లోనూ అదే. నాలుగో ఇంట్లో ఊరు అడగలేదుగాని, కిరాయి వినగానే వెంట వచ్చిన అత్త సైదమ్మే లేచి బయటికి వచ్చేసింది. ఎండ ఎక్కింది. పిల్ల మరీ కదలకుండా నిద్రపోతోందని జానమ్మ దాని ముక్కు కింద వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది. పది అడుగులు వేసి మళ్లీ చూసింది.

"ఈసారి నువ్వు జర నోరు మూసుకో పిల్లా. నేను మాట్లాడత" అంది సైదమ్మ.

ఐదో ఇల్లు లక్ష్మీనర్సమ్మది. పెరట్లో రేకుల గది, మూడు రూపాయల కిరాయి.

"ఏ ఊరక్కా మీది?"

"నారాయణపేట" అంది సైదమ్మ రెప్ప వెయ్యకుండా. "సాలోళ్లం. నా కొడుకు మగ్గం మీదికెళ్లి లేవడు, గందుకే రాలె."

లక్ష్మీనర్సమ్మ మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత నవ్వు తెచ్చుకుంది. "మాదీ నారాయణపేటనే!"

జానమ్మ పిల్లను ఎత్తుకొని దర్వాజా వైపు ఒక అడుగు వేసింది.

"బజారు ఎట్లున్నదక్కా?"

"యాడికి పోతది? ఉన్నకాడనే ఉన్నది."

"గంతే, గంతే. మరి వానలు?"

"పడ్డప్పుడు పడ్డయి."

అంతకుమించి ఆమె అడగలేదు. తాళంచెవి ఇచ్చింది, దాంతోపాటు ఎర్రంచు నారాయణపేట చీర ఒకటి తెచ్చింది. కొంగు దగ్గర ఎలుక కొరికిన బెత్తెడు చిల్లు. "సాలోళ్లే దొరికిన్రు, నా అదృష్టం. పొద్దుగూకెటాల్లకు రఫ్ఫు చేసియ్యి బిడ్డా. రేపు గిదే కట్టుకోవాలె."

జానమ్మ పుట్టింది, మెట్టింది కురుమల ఇళ్లే. ఆమె చేతులకు తెలిసింది గొర్రె ఉన్ని ఒకటే. ఆ సంగతి నోటిదాకా వచ్చేలోపే సైదమ్మ అందుకుంది. "మా కోడలు కుడితె చిల్లు యాడుండెనో దేవునిక్కూడ దొరకది!"

ఆ గొప్ప గోడ దాటింది. గడియలో పక్కింటి అమృతమ్మ రెండు రవికెలు పట్టుకొచ్చింది. ఎదురింటి గోపయ్య ధోవతి తెచ్చి, "అంచుకు జర జరీ గూడ ఎయ్యరాదు" అన్నాడు.

"దారమేదత్తా?" అంది జానమ్మ.

"సాలోళ్లు దారం అడుక్కుంటె బాగుంటదా?"

ఇక మిగిలింది గొంగడి. జానమ్మ దాని అంచు పట్టి లాగింది. నల్లటి ఉన్నిపోగు ఐలేశం వాసనతో సహా ఊడి వచ్చింది. గొంగడి చినిగితే ఎలా కుడతారో అలాగే అడ్డంగా, నిలువుగా బిగించి కుట్టింది. చీర మీద నల్ల గొర్రెపిల్ల ముడుచుకొని పడుకున్నట్టు తయారైంది. భయం వేసి, సరిచేద్దామని చుట్టూ ఇంకొంత కుట్టింది. గొర్రెపిల్ల కాస్తా గొర్రె అయింది. గోపయ్య ధోవతి దాకా రాకముందే పొద్దుగూకింది.

లక్ష్మీనర్సమ్మ చీర విప్పి చూసింది.

"గిది కొత్త నమూనా" అంది సైదమ్మ, వినీ వినబడకుండా.

లక్ష్మీనర్సమ్మ ఆ కుట్టును వేళ్లతో తడిమింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. "గిది గొంగడి కుట్టు. నిజం చెప్పున్రి, ఏ ఊరు మీది?"

జానమ్మ అప్పటికే మూట కడుతోంది. "మోత్కూరు. మా ఆయన జైల్ల ఉన్నడు. పోతమమ్మా. పిల్ల లేవంగనే పోతం."

లక్ష్మీనర్సమ్మ గడప మీద కూలబడింది. "యాడికి పోతవ్? మాదీ నల్లగొండ జిల్లానే, హాలియా. నా కొడుకు మల్లయ్య గా జైల్లనే ఉన్నడు. గీ చీర వాడు తెచ్చిందే. రేపు కట్టుకొని పోతె, అమ్మ మంచిగనే ఉన్నదనుకుంటడని..."

"మరి నారాయణపేట?" అంది సైదమ్మ.

"నేనెన్నడు చూడలె. నువ్వు?"

"నేనెక్కడ చూసిన!"

ముగ్గురికీ నవ్వాగలేదు. నవ్వుతూనే లక్ష్మీనర్సమ్మ ఆ చీర కొంగుతోనే కళ్లు తుడుచుకుంది. ఉన్ని గీరుకొని కళ్లు ఇంకా ఎర్రబడ్డాయి.

మర్నాడు ఆమె ఆ చీరే కట్టుకొని జైలుకు వచ్చింది. ఆమెను లోపలికి పంపాక జవాను జానమ్మ వైపు తిరిగాడు. దారి పొడుగునా వల్లించుకున్న ఇంటి నంబరును జానమ్మ తడబడకుండా చెప్పింది. అతను అప్పుడు పుస్తకం తెరిచాడు.

"ఐలేశం, మోత్కూరు... పోయిన మంగళారమే గుల్బర్గా జైలుకు పంపిన్రు."

"మరి ములాఖత్?"

"గాడనే. గా ఊళ్లె ఉండే జాగా చూపియ్యాలె."

జానమ్మ పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూసింది. మూరెడు పొట్టిదైన గొంగడిని దానికే చుట్టి, గోడ నీడలో కూర్చుంది. పక్కన సైదమ్మ కొంగు ముడి విప్పి మిగిలిన చిల్లర లెక్కపెట్టింది.

"ఫికర్ చెయ్యకు పిల్లా" అంది. "ఈసారి ఏ పనీ రానోళ్ల ఊరి పేరు చెప్దాం."