గీకుడు కొట్టుకు వెళ్లిన వెండి టాలర్

కొండ కడుపు నిండా వెండి ఉన్న యోఆఖిం లోయలో దొరకని ఖనిజం ఒక్కటే: నమ్మకం. ఆ కొరత తీర్చడానికే ప్రభువులవారు నాణెముల విశ్వసనీయతా కార్యాలయం స్థాపించారు. (జనం దాన్ని గీకుడు కొట్టు అనేవారు. జనానికి మర్యాద తెలియదు.)

గనిలో కొడుకును పోగొట్టుకున్న అపొలోనియా చేతిలో గని సంఘంవారు పరిహారంగా ఒక వెండి టాలర్ నాణెం పెట్టారు. ఇంట్లో కోడలికి పాలు పడలేదు, పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తోంది. ఆమె పాడిమేక కోసం యోబ్‌స్ట్ దొడ్డికి పరిగెత్తింది.

"నాణెం నిక్షేపంగా ఉంది పిన్నీ. కానీ గీకుడు కొట్టు ముద్ర కాగితం లేకుండా పుచ్చుకున్నానంటే నా మందంతా తోలుకుపోతారు," అన్నాడు యోబ్‌స్ట్.

కార్యాలయంలో ఉపపరీక్షాధికారి ఎగీడియస్ టాలర్ అంచు కత్తిరించి, ముక్కను కరిగించి చూశాడు.

"అసలు వెండే. పరీక్ష ఉచితం."

"మరి ఆ ముక్కో?"

"అది సాక్ష్యం. ప్రభుత్వానిది."

ఉపాధికారి పరీక్షను ప్రధానాధికారి పరీక్షించాలన్నది నిబంధన. ఇంకో అంచు పోయింది. ఇద్దరూ ఒకే మాట చెప్పారంటే కుమ్మక్కయి ఉండవచ్చు గనుక మూడో అధికారి కూడా కత్తెర పట్టాడు. నాణెం మీద పునీత యోఆఖిముకు భుజం పోయింది, వెనకున్న సింహానికి తోక పోయింది. చివరికి కాగితం మీద ముద్ర పడింది. ఎగీడియస్ నాణేన్ని తూచి నొసలు చిట్లించాడు.

"నూటికి నూరుపాళ్లూ అసలైనదే. తూకమే తక్కువ. నాణెం కత్తిరించడం నేరమమ్మా. ఎవరి పనిది?"

"మీరే కదయ్యా, నా కళ్లముందే!"

"కార్యాలయం కత్తిరించదు. పరీక్షిస్తుంది. ఇంతకీ ఈ నాణెం ఎవరిది?"

అపొలోనియా అంచులు పోయిన నాణెం వైపు చూసింది. కొడుకు ప్రాణానికి ఇచ్చిన వెండి అది. తను జైలుకెళ్తే పసివాడికి దిక్కెవరు?

"నాది కాదు దొరా. మీ గుమ్మంలోనే దొరికింది."

ఆ నిజాయితీని మెచ్చుకుని కార్యాలయం టాలర్‌ను స్వాధీనం చేసుకుంది.

ఆమె తిన్నగా దొడ్డికి వెళ్లింది. "ఒరేయ్ యోబ్‌స్టూ, చలికాలమంతా నీ మేకల పాలు పితికి పెడతా. ఒక్క మేకను ఇప్పుడే తోలుకుపోనీరా."

"దీనికి ముద్ర అక్కర్లేదా పిన్నీ?"

"నా చేతిమీద వేస్తావేంట్రా?"

యోబ్‌స్ట్ మేక తాడు విప్పాడు.

సంగతి లోయంతా పాకింది. చెప్పులకు రొట్టెలు, రొట్టెలకు కట్టెలు చేతులు మారాయి. గీకుడు కొట్టు గడప తొక్కే మనిషి లేకపోయాడు. లోయలో దొంగనాణేలు సమూలంగా అంతరించాయని ఎగీడియస్ విన్నవించగా, ప్రభువులవారు సంతోషించి అతని జీతం రెట్టింపు చేశారు.

జీతాన్ని నాణేల్లో కాకుండా ధాన్యంగా ఇప్పించమని ఎగీడియస్ వినయంగా మనవి చేసుకున్నాడు.