బొటనవేలి పక్కన స్క్రూ

ఆ శనివారం పొద్దున కళ్లద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, దుకాణం తెరిచేలోగా షెడ్డులోకి వెళ్లి, బండి గాలి పెట్టె మూత తీసేసి, మెకానిక్ ఇచ్చిన కొత్త ఫిల్టరు బిగించాలి. గంట పని. ఆ గంట పనితో ఇంటిల్లిపాదికీ రెండు వారాలు మనశ్శాంతి కరువవుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆయన తన కళ్లద్దాల దుకాణంలో ఆవగింజంత స్క్రూ నేల మీద పడితే, చప్పుడును బట్టి అది ఏ మూలకు దొర్లిందో చెప్పగలడు. అంత నిదానస్తుడికి నలభై ఆరో ఏట, ఇసుకలో పరుగులు తీసే నాలుగు చక్రాల ఏటీవీ మీద మనసు పడింది. ఎవరో వాడిన బండి ఒకటి కొన్నాడు. నిరుడు ఏటి ఇసుకలో జరిగిన పోటీలో దిగి ఆఖరున వచ్చాడు. ఆఖరున రావడం ఆయనకు పెద్ద బాధ కాదు. ఆయన వచ్చేసరికి నిర్వాహకులు మైకు కట్టేసి కుర్చీలు మడుస్తున్నారు. గీత దగ్గర జెండా ఊపాల్సిన మనిషి అదే జెండాతో బల్ల తుడుస్తున్నాడు. అది మాత్రం మనసులో ముల్లులా దిగిపోయింది. ఈసారి గెలవాలని కాదు, ఒక్కరంటే ఒక్కరు తన వెనక రావాలని ఆయన కోరిక.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. ఆ బండి యాక్సిలరేటర్ కుడిచేతి బొటనవేలితో నొక్కే చిన్న మీట. మీట పక్కనే ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని ఎంత లోపలికి బిగిస్తే మీట అంత తక్కువ కదులుతుంది, బండి అంత నెమ్మదిగా పోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసిన ఏర్పాటు అది. బండి ఇంటికొచ్చిన వారమే ఆయన భార్య మెకానిక్ దగ్గరికి వెళ్లి ఈ రహస్యం కనుక్కుంది. భర్త దుకాణంలోని స్క్రూడ్రైవర్లలో కాస్త పెద్దది తెచ్చి రెండు చుట్లు బిగించింది.

"మా ఆయనకి చెప్పకండి," అంది.

"ఎందుకు చెప్తానమ్మా. వేగం పెంచమన్నవాళ్లకి పెంచుతాను, తగ్గించమన్నవాళ్లకి తగ్గిస్తాను. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పను," అన్నాడు మెకానిక్.

మీట ఎక్కడ ఆగితే అదే దాని హద్దనుకున్నాడు కళ్లద్దాలాయన. అందుకే ఈ ఏడు ఇంజను మీద పడ్డాడు. తక్కువలో అయ్యే పనులు మూడున్నాయని మెకానిక్ చెప్పాడు. మొదటిది గాలి. ఇంజనుకు గాలి ఎక్కువ అందితే పెట్రోలూ ఎక్కువ అందాలి కాబట్టి, ఫిల్టరుతో పాటు కార్బురేటర్లో పెట్రోలు వదిలే జెట్టు కూడా కాస్త పెద్దది వేయించాడు. అది కాస్త కాదు, చాలానే పెద్దదయింది. స్టార్ట్ చేయగానే బండి బొంగురుగా గర్జించి, నల్లటి పొగ వదిలింది. పెరట్లో ఆరేసిన దుప్పట్లు నాలుగూ బూడిద రంగుకు తిరిగాయి.

దుప్పట్లు పోయినందుకు ఆయన తల్లి బాధపడలేదు. ఇంత అరిచే బండి ఎంత జోరుగా పోతుందోనని మాత్రం ఆవిడకు భయం పట్టుకుంది. మధ్యాహ్నం కొడుకు దుకాణంలో ఉండగా మెకానిక్ దగ్గరికి వెళ్లింది. సాయంత్రానికి స్క్రూ ఇంకో రెండు చుట్లు బిగిసింది.

మర్నాడు ఆ జెట్టు తీసేసి కాస్త చిన్నది వేయించి, మైదానంలో నడిపి చూశాడు కళ్లద్దాలాయన. చప్పుడు పెరిగింది, వేగం తగ్గింది. దిగాలుగా మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. పాపం మెకానిక్‌కు కారణం తెలుసు. కానీ ఇద్దరు ఆడవాళ్లకు మాట ఇచ్చి ఉన్నాడు. కాసేపు తల గోక్కుని, రెండో పని చేద్దామన్నాడు. అది సైలెన్సర్.

ఎవరో వాడి వదిలేసిన రేసు సైలెన్సర్ చవగ్గా దొరికింది. దాని చప్పుడుకు పక్కింటి కిటికీ అద్దాలు గలగలలాడాయి. కొత్త కళ్లద్దాల కోసం వచ్చి నాలుగు రోజులుగా అల్లుడింట్లోనే ఉన్న మామగారి చేతిలోంచి పేపరు జారిపడింది. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషాయన. ఆయనా చెప్పులేసుకుని మెకానిక్ దగ్గరికే బయల్దేరాడు. మెకానిక్ ఆయనకూ స్క్రూ చూపించి, ఆయనకూ మాట ఇచ్చాడు. మామగారు మూడు చుట్లు బిగించారు, అందులో ఒకటి మామగారి హోదాకు.

మూడో పని, గొలుసును తిప్పే ముందరి పళ్లచక్రం మార్చడం. ఒక పన్ను తక్కువున్న చక్రం వేస్తే బండి చటుక్కున వేగం అందుకుంటుంది. అదీ అయ్యాక కళ్లద్దాలాయన మీటను బలమంతా పెట్టి నొక్కుతూ వీధిలోకి బయల్దేరాడు. వీధి దద్దరిల్లింది. వెనక నుంచి సైకిలు మీద పోస్ట్‌మాన్ వచ్చాడు. పక్కపక్కనే తొక్కుతూ నమస్కారం పెట్టి, ఉత్తరం చేతికిచ్చి, ముందుకు వెళ్లిపోయాడు.

పోటీ ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర ఆయన ఆ మాట చెప్పేశాడు.

"రేపు నేను వెళ్లట్లేదు. బండిలో లోపం లేదు, మెకానిక్ అన్నీ సరిగ్గానే చేశాడు. నాకే చేతకావట్లేదు. నా జోరు ఇంతేనేమో."

ముగ్గురూ కంచాల్లోంచి తల ఎత్తలేదు. చివరికి తల్లి, "వెళ్లు నాన్నా. ఆఖరున వస్తే వచ్చావు, మేమైతే అక్కడే ఉంటాంగా," అంది. తల్లి మాట కాదనలేక సరేనన్నాడు.

తెల్లారాక షెడ్డులోకి మొదట మామగారు వెళ్లారు. తను బిగించిన మూడు చుట్లూ విప్పి, పశ్చాత్తాపం కొద్దీ ఇంకొకటి కూడా విప్పారు. ఆయన ఇటు రాగానే భార్య వెళ్లింది, ఆమె కూడా లెక్కకు ఒకటి ఎక్కువే విప్పింది. ఆఖరున తల్లి తిప్పేసరికి స్క్రూ ఊడి చేతికి వచ్చేసింది. ఆవిడ కంగారుపడి దాన్ని తన కళ్లద్దాల పెట్టెలో దాచేసింది. ఎవరికి వారు ఏమీ ఎరగనట్టు వచ్చి కాఫీ దగ్గర కూర్చున్నారు.

జెండా ఊపగానే కళ్లద్దాలాయన అలవాటు ప్రకారం మీటను బలమంతా పెట్టి నొక్కాడు. ఈసారి మీట పూర్తిగా లోపలికి పోయింది. గాలి, పెట్రోలు, సైలెన్సర్, పళ్లచక్రం, ఇన్నాళ్లూ తొక్కిపెట్టి ఉంచినవన్నీ ఒక్కసారి మేల్కొన్నాయి. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. భయంతో ఆయన వేళ్లు బిగుసుకుపోయాయి, వాటితో పాటు బొటనవేలూ బిగుసుకుపోయింది. ఎవరిని దాటాడో ఆయన చూడలేదు, కళ్లు మూసుకునే ఉన్నాడు. గీత దాటి ఇసుకదిబ్బలో కూరుకుపోయి బండి ఆగాక తెరిచి చూస్తే, కుర్చీలు ఇంకా వెయ్యనే లేదు. గీత దగ్గరి జెండా మనిషి తీరిగ్గా బూట్ల తాడు కట్టుకుంటున్నాడు. వెనక్కి తిరిగితే దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన కోరుకున్నట్టే అందరూ వెనకే ఉన్నారు.

ఇంట్లోవాళ్లు పరిగెత్తుకొచ్చారు. భార్య ఏడుస్తూనే నవ్వింది. తల్లి బుగ్గలు నిమిరింది. మామగారైతే అల్లుడిలో ఇంత ఉందని తను ముందే అన్నానని చుట్టూ ఉన్నవాళ్లకు చెబుతున్నారు. ఆయన హ్యాండిల్ వదలకుండా బండి మీదే కూర్చుండిపోయాడు. సంతోషం వల్లేనని అందరూ అనుకున్నారు.

సోమవారం దుకాణంలో గాల్లోకి లేచిన ఆ చక్రాలే గుర్తొచ్చి, ఒక్క స్క్రూ కూడా బిగించలేకపోయాడు. మధ్యాహ్నమే తలుపు మూసి మెకానిక్ దగ్గరికి బండి తోసుకెళ్లాడు.

"దీన్ని కొంచెం నెమ్మది చెయ్యొచ్చా? ఏం మార్చమన్నా మారుస్తాను."

"ఏమీ మార్చక్కర్లేదండి, ఒక్క స్క్రూ చాలు," అంటూ మెకానిక్ మీట పక్కన ఖాళీగా ఉన్న బెజ్జం చూపించాడు.

కళ్లద్దాలాయన అద్దాలు పైకి జరుపుకుని ఆ బెజ్జాన్ని చాలాసేపు చూశాడు. ఇన్నాళ్లూ ఇక్కడ స్క్రూ లేదా అని అడిగితే, ఒక్కోసారి ఊడిపోతుంటాయన్నాడు మెకానిక్. కొత్తది తీసుకుని, తన స్క్రూడ్రైవర్‌తో తనే బిగించాడు. నాలుగు చుట్ల దగ్గర ఆగి, కాస్త ఆలోచించి, ఇంకో మూడు వేశాడు.

"ఇంట్లో మాత్రం తెలియనివ్వకు," అన్నాడు. "అందరూ సంతోషంగా ఉన్నారు."

మెకానిక్ మాట ఇచ్చాడు. ఆ ఇంటికి ఆ స్క్రూ గురించి అతనిచ్చిన నాలుగో మాట అది.