చివరి ధూపం ఎవరిది

ఒక్క నిమిషం, ఎక్కడికీ వెళ్లకండి, ఇది విన్నాక వెళ్దురు గానీ. జపాన్‌లో తకావోకా అనే ఊళ్లో ఒక అంత్యక్రియల హాలుంది, అందులో షియోరి అనే అమ్మాయి కొత్తగా చేరింది. ఆర్నెల్ల ట్రయల్, శుక్రవారంతో సరి. ఉంచుకుంటారో పంపేస్తారో ఆ రోజే తేలుతుంది. అందుకే బుధవారం పొద్దున్న ఆమె ప్లాన్ ఒక్కటే: పదకొండు గంటల కార్యక్రమంలో చిన్న తప్పు కూడా జరగకూడదు.

పోయినాయన ఒరికాసా, సోయా సాస్ ఫ్యాక్టరీ ఓనరు. ఎవరి పూలు శవపేటిక పక్కన ఉండాలి, ధూపం వేయడానికి ఎవర్ని ముందు పిలవాలి, అన్నీ ఒకే లిస్టు ప్రకారం. అందులో వరస తప్పితే ఆ ఊళ్లో చచ్చేదాకా మాటలుండవు. రెండొందల పేర్లు చేత్తో ఎవడు సర్దుతాడని, షియోరి తన టెక్స్ట్ ఎడిటర్‌కి ముప్పై లైన్ల ప్లగిన్ రాసి తగిలించింది. సేవ్ నొక్కితే చాలు, పేరు పక్కనున్న హోదానో చుట్టరికాన్నో చూసి లైన్లన్నీ అదే పైకీ కిందకీ సర్దేస్తుంది. మురిసిపోయింది పాపం.

తొమ్మిదిన్నరకి పూలు పెట్టారు. పదికి ఫ్యాక్టరీ డైరెక్టర్ వచ్చి, శవపేటిక పక్కన పూల మీద పేరు చదివి ఆగిపోయాడు. పొద్దుటి స్నానాల సంఘం, ఛైర్మన్. సంఘంలో ఉన్నది పొద్దున్నే ఊరి స్నానశాలకెళ్లే ఐదుగురు ముసలాళ్లు. ఛైర్మన్ అన్న మాట చూసి ప్లగిన్ డైరెక్టర్ కన్నా పైన పెట్టేసింది.

"నలభై ఏళ్లు ఆయన పక్కన కూర్చున్నానమ్మా," అన్నాడు మెల్లిగా. "ఇవాళ తువ్వాళ్ల వెనక నిలబడాలా?"

షియోరి పరిగెత్తి లిస్టులో ఛైర్మన్‌ని కిందకి లాగి సేవ్ కొట్టింది. ప్లగిన్ మళ్లీ పైకి పెట్టేసింది. మళ్లీ లాగింది, మళ్లీ పెట్టేసింది. మూడోసారికి మేనేజర్ నిషివాకి వచ్చి ప్రింటర్లోంచి కాగితం లాక్కుపోయాడు, అప్పటికే మంత్రాలు మొదలయ్యాయి.

"శుక్రవారం గుర్తుందిగా?" అన్నాడు వెళ్తూ వెళ్తూ.

మైకులో ఒక్కో పేరూ చదువుతుంటే డైరెక్టర్ మొహం నల్లబడింది, చుట్టాలు గుసగుసలాడారు. షియోరి గోడకి అతుక్కుని కాగితం చివర ఏముందో అప్పుడు చూసింది. మసుజో. పక్కన హోదా లేదు, చుట్టరికం లేదు. లేదు కాబట్టి ప్లగిన్ అట్టడుగుకి తోసేసింది. ఆయన పోయినాయన తమ్ముడు. సాస్ పులియబెట్టే పాత దేవదారు తొట్లు అన్న పగలగొట్టించాడని అలిగి, ఆ గడప తొక్కి పంతొమ్మిదేళ్లు. లిస్టు రాసిచ్చింది వదిన, అంటే ఒరికాసా భార్య; తమ్ముడని రాయడానికి ఆమెకి చేయి రాలేదు.

కానీ ఆ ఊళ్లో చివరి ధూపం ఇంటి పెద్ద మనిషిది. వరసలో తప్పులుంటే అందరి తరఫునా మన్నించమని అడిగేది ఆయనే.

మసుజో లేచి వదిన వైపు తిరిగాడు. "ఇది నాకిచ్చావా వదినా?"

రెండొందల మంది చూస్తున్నారు. ఆమె తల వంచింది, అంతకన్నా చేయగలిగింది లేదు. ముసలాయన ధూపం వేసి, వెనక్కి తిరిగి, స్నానాల సంఘం నుంచి డైరెక్టర్ దాకా వంగి వంగి క్షమాపణ అడిగాడు. డైరెక్టర్ ఏడ్చేశాడు. వదిన కూడా, ఎందుకో ఆమెకే తెలియాలి.

"ఇంత లోతైన ఆలోచన ఎవరిదమ్మా?" అన్నాడు నిషివాకి, కళ్లు తుడుచుకుంటూ.

"ప్లగిన్‌ది సార్."

ఉద్యోగం పర్మనెంట్. సోమవారం నుంచి కంపెనీకున్న మూడు హాళ్లలోనూ అదే వాడాలని ఆర్డరు.

సోమవారం లిస్టు వచ్చింది. రోడ్డు దాటుతూ పోయిన ఒకావిడది. అందులో ఒక్క పేరు పక్కనే ఏమీ రాసి లేదు: ఆవిణ్ణి వ్యానుతో గుద్దినాయన, ఒక్కసారి ధూపం వేస్తానని బతిమాలుకున్నాడట. సేవ్ నొక్కితే చివరి ధూపం, ఇంటి పెద్ద స్థానం, అతనివే. ప్లగిన్‌లో ఒక్క లైను మారిస్తే సరిపోతుంది, కానీ ఎందుకు మార్చావని నిషివాకి అడిగితే బుధవారం జరిగింది ఆలోచన కాదు, పొరపాటని చెప్పాలి. షియోరి వేలు సేవ్ మీదే ఉంది. మీరైతే నొక్కుతారా?