ఏడున్నర వేల మెలిక

సూదిపని సంఘాలు తమ సెమినార్ల ఫీజులు ఇంకా పెంచాలి. తగ్గించమని అడిగేవాళ్లు కళకు శత్రువులు. ఈ మాట గాలిలోంచి తీసి అంటున్నది కాదు. వాకాడు మండలంలో సముద్రం ఒడ్డునున్న ఒక పల్లెలో దుర్గ అనే ఆమె ఉంది. ఫీజు ఏడున్నర వేలు ఉండబట్టే ఆమె పని నేర్చుకోగలిగింది. అదే వెయ్యి రూపాయలై ఉంటే పాపం, ఎలాగోలా కట్టేసి, వెనక వరసలో కూర్చుని, ఏమీ కనపడక ఇంటికి తిరిగి వచ్చేసేది.

నమ్మకపోతే జరిగింది వినండి.

దుర్గ భర్త పెంచల్ సముద్రం మీద వేటకు పోతాడు. దుర్గ పెళ్లికి ముందు వలలు బాగుచేసింది. పెళ్లయ్యాక జాకెట్లకు మగ్గం పని నేర్చుకుంది. ముందు గదిలో చెక్క ఫ్రేము, దానికి బిగించిన గుడ్డ, పక్కన పూసల డబ్బాలు. ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలలు వేట నిషేధం కనక పడవలు ఇసుకలో కూర్చుంటాయి. ఆ రెండు నెలలూ ఇల్లు దుర్గ సూది మీద నడుస్తుంది. పెళ్లిళ్లు కూడా అప్పుడే రావడం ఆమె అదృష్టం.

ఆమె సింహపురి సూదిపని గిల్డులో ఎనిమిదేళ్ల నుంచి సభ్యురాలు. ఈ గిల్డు పుట్టింది గూడూరులో, కుట్టు టీచరుగా రిటైరైన రెబెక్కమ్మ వరండాలో. రెండో శనివారం ఎవరి సూది వాళ్లు తెచ్చుకునేవాళ్లు. కుట్టు తెలిసినామె తెలియనామెకు చూపించేది. నెలకు ఇరవై రూపాయల చందా, అదీ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలకే సరిపోయేది.

ఇలా ఉంటే ఒక సంస్థ ఎలా ఎదుగుతుంది? అందుకని ఎదిగింది. రిజిస్ట్రేషన్ వచ్చింది, లెటర్‌హెడ్ వచ్చింది, నెల్లూరులో ఆఫీసు వచ్చింది, అధ్యక్షురాలిగా ప్రమీలమ్మగారు వచ్చారు. క్లాసు కాస్తా వర్క్‌షాప్ అయింది, వంద రూపాయల ఫీజు ఎనిమిది వందలైంది. వర్క్‌షాప్ సెమినార్ అయ్యేసరికి సూది అదే, దారం అదే, వేళ్లూ అవే. గదికి మాత్రం ఏసీ వచ్చింది.

ఈ ఏడు వేట నిషేధం మొదలైన వారానికే గూడూరు నుంచి ఒక పెళ్లివారు దుర్గ ఇంటికి వచ్చారు. పెళ్లికూతురి తల్లి ఫోనులో ఒక ఫొటో చూపించింది. జాకెట్టు చేతి మీద జరీ నెమలి. గుడ్డలోంచి లేచి నిలబడినట్టు, పట్టుకుంటే చేతికి తగిలేట్టు ఉంది.

"ఇట్టా ఎత్తుగా రావాల. నీ వల్ల కాకపోతే ఇప్పుడే చెప్పు తల్లీ, మద్రాసులో ఇచ్చుకుంటాం" అందామె.

"అవుద్దమ్మా, ఎందుక్కాదు" అంది దుర్గ. ముహూర్తం జూన్ మొదట్లో. వాళ్ల ఆటో మలుపు తిరిగేదాకా నవ్వుతూ నిలబడింది. ఆ తరువాత అరుగు మీద కూలబడింది. ఎత్తు జరీపని ఆమె ఏనాడూ చేయలేదు. వచ్చినవాళ్లు జాకెట్లు నాలుగు చెప్పారు. అవి పోతే రెండు నెలల బియ్యం, పప్పూ కూడా వాటితోపాటే మద్రాసు పోతాయి.

ఈ పనికి స్ప్రింగులా చుట్టిన సన్నటి జరీ తీగ వాడతారు. దాన్ని చిన్న ముక్కలుగా కోసి, పూసల్లా సూదికి ఎక్కించి, ముందే ఎత్తుగా వేసిన నూలు మీద పక్కపక్కనే పరవాలి. దుర్గ ఫోనులో ఒక వీడియో చూసింది. అసలు మెలిక వచ్చేచోట అందులో కుట్టే ఆవిడ బొటనవేలు అడ్డం వస్తుంది. పదకొండుసార్లు చూసినా పదకొండుసార్లూ వచ్చింది. దుర్గ కుట్టిన నెమలికి ముక్కకూ ముక్కకూ మధ్య నూలు పళ్లికిలించింది.

పెంచల్ ఫ్రేము దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు. "నెమలంటివే. ఇది వానలో తడిసిన కోడి గదా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే గిల్డు సర్క్యులర్ వాట్సాప్‌లో దిగింది. నెల్లూరులో ఎత్తు జరీపని మీద మూడు రోజుల సెమినార్. చెన్నై నుంచి వినీల అనే నిపుణురాలు వస్తున్నారు. బయటివారికి ఎనిమిది వేలు. సభ్యులకు భారీ రాయితీతో ఏడున్నర వేలు. ముందుగా కట్టినవారికి ఇంకో అయిదువందల తగ్గింపు. ఆ గడువు సర్క్యులర్ రావడానికి నాలుగు రోజుల ముందే ముగిసింది.

దుర్గ గుండె చిక్కబట్టుకుని ప్రమీలమ్మగారికి ఫోన్ చేసింది.

"ఫీజు తగ్గిస్తే విలువ పోతుందమ్మా దుర్గా. మన కళను మనమే చౌక చేసుకుంటామా?" అన్నారు ప్రమీలమ్మగారు. ఆవిడ మంచి మనిషి. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. "పైగా ఇందులో బఫే భోజనం ఉంది, రెండుపూటలా టీ, జనపనార బ్యాగు, నోట్‌ప్యాడ్, గ్రూప్ ఫొటో, మెమెంటో, అన్నీ ఉన్నాయి."

"బ్యాగు నాకొద్దు మేడం. అన్నం నేనే కట్టుకొస్తా. ఫొటోలో నిలబడను. ఆ మెలిక ఒక్కటీ చూపిస్తే చాలు. దానికి మాత్రం ఎంతవుద్ది?"

ఇలాంటి ప్రశ్న కమిటీలో ఎప్పుడూ రాలేదు.

"అలా విడిగా లేదమ్మా," అన్నారు ప్రమీలమ్మగారు, బాధగానే. "అంతా ప్యాకేజీ."

మరునాడు రెబెక్కమ్మ దగ్గరనుంచి ఫోనొచ్చింది. ఆమెకు అరవై అయిదేళ్లు. గిల్డులో మొదటి సభ్యత్వ సంఖ్య ఆమెదే. ఫీజు కట్టలేక మూడేళ్లుగా ఆమె కూడా సెమినార్ల మొహం చూడలేదు.

"దుర్గా, ఏడున్నర వేలు ఇచ్చి పోవాలంటే కష్టం. రోజుకు అయిదొందలు తీసుకుని పోవడానికి నీకేమన్నా అభ్యంతరం ఉండాదా?"

"ఏందక్కా, ఎగతాళా?"

"ఎగతాళి కాదమ్మా. మా వీధిలో గంగులయ్య లేడూ, క్యాటరింగ్ గంగులయ్య. ఆ సెమినార్‌కి వంట అతనిదే. టీలు అందించేదానికి ఇద్దరు నిదానమైన ఆడమనుషులు కావాలంటున్నాడు. నేను వస్తానని చెప్పేసినాను. రెండోదానివి నువ్వే."

దుర్గ ఆలోచించింది. మోసమా ఇది? మోసమైతే ఎవరిని? గిల్డు సభ్యులు గిల్డు సెమినార్‌కు పోతే మోసమెలా అవుతుంది? సెమినార్ రోజు పొద్దున్నే వాకాడు బస్సెక్కి గూడూరులో దిగి, రెబెక్కమ్మతో కలిసి నెల్లూరు బస్సెక్కింది.

సెమినార్ ఒక ఏసీ కల్యాణమండపంలో. గంగులయ్య ఇద్దరికీ తలకో టోపీ, మొహానికో మాస్కు, మెడలో ఒక మెరూన్ ఆప్రాన్ తగిలించాడు. ఎవరైనా గుర్తుపడతారేమోనని దుర్గ టోపీని కనుబొమల దాకా లాక్కుంది. అంత అవసరమేమీ లేకపోయింది. టీ అందించేవాళ్ల మొహం చూసే అలవాటు మండపాల్లో ఎవరికీ లేదు. ప్రమీలమ్మగారు మొదటిరోజే రెబెక్కమ్మ చేతి నుంచి నాలుగు టీలు తీసుకున్నారు. నాలుగుసార్లూ "చక్కెర లేకుండా, అమ్మాయ్" అన్నారు. ముప్పయ్యేళ్ల తరువాత తనను అమ్మాయ్ అన్నారని రెబెక్కమ్మ మధ్యాహ్నమంతా సంతోషంగా ఉంది.

మొదటిరోజు పదింటికి దీపం వెలిగించారు. తరువాత ఉపన్యాసాలు. తరువాత కమిటీ వారికి కమిటీ వారే శాలువాలు కప్పారు. వినీల సూది పట్టుకునేసరికి పన్నెండుంబావు, ఒంటిగంటకు బఫే. ముప్పై మంది కూర్చున్నారు. వాళ్లలో పనితో బతికేవాళ్లు ఒకరిద్దరు. మిగతావాళ్లు ఓపికా తీరికా ఉన్న మంచి ఇల్లాళ్లు, స్పాన్సర్ల బంధువులు. వినీల చేతులు మొదటి వరస వాళ్లకు తప్ప ఇంకెవరికీ కనపడవు.

ట్రే పట్టుకున్న మనిషికి మాత్రం ఎక్కడికి పోవడానికైనా హక్కుంది. దుర్గ వినీల భుజం పక్కన నిలబడి టీ ఇచ్చింది. ఖాళీ కప్పు తీసుకోవడానికి మళ్లీ వచ్చింది. నీళ్లు కావాలా అని వచ్చింది. బిస్కెట్లు తెచ్చింది. సాయంత్రానికి గంగులయ్య తల గోక్కున్నాడు.

"ముప్పై మందికి రెండొందల టీలు పోయినాయి. వీళ్లేమన్నా గుడ్డలకు టీతో రంగేస్తుండారా?"

రెండోరోజు పదకొండింటికి దుర్గ మెలిక పట్టేసింది. తీగ ముక్కను కింది నూలు వెడల్పుకు సరిగ్గా కోయకూడదు. నువ్వుగింజంత ఎక్కువ కోయాలి. అప్పుడది విల్లులా వంగి పక్క ముక్కను ఒరుసుకుంటూ కూర్చుంటుంది. మధ్యలో నూలు కనపడదు. అంతే. నువ్వుగింజంత పొడవు తెలియక ఆమె నెమలి కోడి అయింది. దుర్గకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మాస్కు ఉండబట్టి సరిపోయింది.

ఇక ఊరుకుంటే బాగుండేది. కానీ పక్క వరసలో ఒకావిడ తీగను పొట్టిగా కోస్తూ, విప్పుతూ, కళ్లలో నీళ్లు పెట్టుకుంటోంది. ఏడున్నర వేలు కట్టిన మనిషి. దుర్గ వంగి, "అమ్మా, ఒక నువ్వుగింజంత వదిలి కోయండి" అంది మెల్లగా. ఆవిడకు అర్థం కాలేదు. దుర్గ ట్రే కింద పెట్టి నాలుగు ముక్కలు వేసి చూపించింది.

పది నిమిషాల్లో వెనక వరస నుంచి ఒకరు "ఇక్కడ టీ" అని చెయ్యెత్తారు. కప్పు నిండుగానే ఉంది. దుర్గ వెళ్లింది. ఆ తరువాత ఎవరి పని చిక్కుపడినా టీ కావాల్సి వచ్చింది. దుర్గ ఒకవైపు, రెబెక్కమ్మ ఒకవైపు. రెబెక్కమ్మకు ముప్పై రెండేళ్ల టీచరు అలవాటు కదా, ఒకరిద్దరి వేళ్ల మీద చెంచాతో తట్టింది కూడా.

మూడోరోజు వినీల ఫ్రేములన్నీ చూసింది. చూసి ఆగిపోయింది.

"పద్దెనిమిది ఫ్రేములు చాలా బాగున్నాయి. కానీ మొదటి నాలుగు ముక్కలూ అన్నిట్లో ఒకే చేతివి. నావి కావు. ఎవరివి?"

ముందురోజు కళ్లనీళ్లు పెట్టుకున్న ఆవిడ నిజాయితీపరురాలు. లేచి నిలబడి, "టీ ఇచ్చే ఆమెవి" అంది.

దుర్గ మాస్కు తీసింది. ప్రమీలమ్మగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"దుర్గా? నువ్వు మన మెంబరువి కదా."

"అవును మేడం. ఎనిమిదేళ్ల నుంచి."

"నేను నీకంటే ముందు నుంచి, ప్రమీలా," అంటూ రెబెక్కమ్మ కూడా మాస్కు తీసింది.

ప్రమీలమ్మగారు పక్కనున్న కుర్చీలో కూర్చున్నారు. ఫీజు కట్టకుండా సెమినార్‌లో పాల్గొనడం నిబంధనలకు విరుద్ధమని కమిటీలో ఒకరు గుర్తుచేశారు. గంగులయ్య వంటగది గుమ్మంలోంచి తల బయటపెట్టాడు. "వాళ్లు నా పనికొచ్చినారండీ. కూలి నేనిస్తుండా. ఒక్క కప్పు కూడా తక్కువ ఇవ్వలేదు. శానా ఎక్కువే ఇచ్చినారు."

వినీల నవ్వు ఆపుకోలేకపోయింది. దుర్గను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇక్కడికి మామూలుగా రావచ్చు కదా" అని అడిగింది. దుర్గ ఫీజు చెప్పింది. వినీల మొహంలో నవ్వు పోయింది.

"మూడు రోజులకూ కలిపి నాకిచ్చేది ఆరు వేలు," అంది.

మిగతా డబ్బు ఏమైందని మీరు అనుమానపడకండి. పైసా పక్కదారి పట్టలేదు. మండపానికి, ఏసీకి, పూలకు, బ్యాగులకు, మెమెంటోలకు, శాలువాలకు పోయింది. ప్రతి దానికీ రసీదు ఉంది. సూదికి మాత్రం ఏమీ మిగల్లేదు, అంతే.

"మీ ఊరిలో కూర్చోవడానికి చోటుందా?" అని అడిగింది వినీల.

"వలలు బాగుచేసుకునే షెడ్డు ఉండాది. అందులో సగం మనకిస్తారు. గాలి మాత్రం బాగా వస్తది" అంది దుర్గ.

మరుసటి ఆదివారం వినీల వాకాడు వైపు బస్సెక్కింది. ఇరవై ఆరుగురు సభ్యులు వచ్చారు, తలా రెండువందల యాభై వేసుకున్నారు. రెండు రోజుల పనికి వినీలకు అంతకుముందు మూడు రోజులకు వచ్చినదానికంటే ఎక్కువే ముట్టింది. పెంచల్ ఎండుచేపల పులుసు వండించాడు. గాలికి జరీ ముక్కలు ఎగిరిపోకుండా పళ్లేల మీద తడిగుడ్డలు కప్పారు. ఏసీ లేని లోటు అదొక్కటే.

గూడూరు పెళ్లిలో నెమలి లేచి నిలబడింది. పెళ్లికూతురి మేనత్త అక్కడికక్కడే ఇంకో మూడు జాకెట్లు చెప్పింది.

గిల్డు కమిటీ మాత్రం ఊరుకుంటుందా? అత్యవసరంగా సమావేశమై లోపాన్ని కనిపెట్టింది. ఆగస్టు సెమినార్‌కు సర్క్యులర్ వచ్చింది: "టీ, భోజన వడ్డన సేవకు సభ్యులకు మాత్రమే అవకాశం. రుసుము రెండున్నర వేలు. టోపీ, మాస్కు, ఆప్రాన్ ఉచితం."

గంటలో గిల్డు వాట్సాప్ గ్రూపులో ముప్పై మెసేజీలు వచ్చాయి. అన్నీ పోయినసారి పూర్తి ఫీజు కట్టిన ఇల్లాళ్లవే, అన్నిట్లో ప్రశ్న ఒకటే: వడ్డనకు దుర్గ వస్తుందా రాదా? రాకపోతే తాము కూడా రాలేమన్నారు.

దుర్గ జవాబు పెట్టింది. "నేను రాలేనండి. ఆ మూడు రోజులూ మా షెడ్డులో క్లాసు ఉంది. రెబెక్కమ్మగారు, నేను చెప్తాము. చాపలు మీరే తెచ్చుకోవాల."

తరువాత అధ్యక్షురాలు ప్రమీలమ్మగారి నుంచి ఒక మెసేజ్ వచ్చింది, గ్రూపులో కాదు, దుర్గకు విడిగా. నెల్లూరు నుంచి వాకాడుకు పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి అని. అయిదేళ్లుగా సెమినార్లు జరిపించడంలో పడి ఆవిడకు సూదిలో దారం ఎక్కించే తీరికే చిక్కలేదట.